నలభై ఆఖరి సిగరెట్లు



ముందు మిమ్మల్ని మా వంటింట్లోకి తీసుకెళ్తాను. 1996, కార్తీక మాసం, తెల్లవారుజామున అయిదు గంటలు. స్టవ్ మీద పెనం. పెనం మీద మూడు సిగరెట్లు. అట్లకాడ పట్టుకుని నేను.

అప్పట్లో నేను ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌ని. రాత్రి డ్యూటీ. పేజీలన్నీ ప్రెస్సుకి వెళ్లాక రెండున్నరకి ఇంటికొచ్చాను. ఇక జన్మలో ముట్టనని ఒట్టు పెట్టుకుని, జేబులో మిగిలిన పెట్టెను కొళాయి కింద పెట్టి తడిపి చెత్తబుట్టలో పడేసి హాయిగా పడుకున్నాను. అయిదింటికి మెలకువ వచ్చింది. నాలుక పీకుతోంది. వీధి చివర బడ్డీకొట్టు ఆరింటికి గాని తెరవరు. ఆ గంటసేపు ఎలా గడపాలో నాకు తోచలేదు. టార్చిలైటు వేసుకుని చెత్తబుట్ట వెతికాను. వంకాయ తొడిమల కింద పెట్టె దొరికింది. మూడు మాత్రం చిరక్కుండా ఉన్నాయి. సన్న సెగ మీద వాటిని అటూ ఇటూ దొర్లిస్తూ ఆరబెడుతుంటే, మా ఆవిడ పాలు కాయడానికి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. "రెండోవైపు తిప్పండి, మాడుతోంది" అని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఒకదాని కాగితం చిట్లి పొగాకంతా పెనం మీద పడింది. రెండోది వెలిగింది. తడి గోనెసంచి తగలబెడితే వచ్చే రుచి. అయినా వేళ్లు కాలేదాకా లాగాను.

నా లెక్కలో ఇలాంటి "ఆఖరి సిగరెట్లు" నలభై దాకా కాల్చి ఉంటాను. ఉగాదులు, జనవరి ఒకట్లు, మా అమ్మాయి పుట్టినరోజులు, ఒకసారి సూర్యగ్రహణం. ప్రతి ఆఖరి సిగరెట్టునూ కాస్త వేడుకగా కాల్చేవాణ్ణి. డాబా మీదికెళ్లి, కుర్చీ వేసుకుని, తీరిగ్గా. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది గాని, ఆఖరిది అనుకుని కాల్చే సిగరెట్టుకి ఉండే రుచి మామూలుదానికి ఉండదు. త్యాగం రేపు, దానికి బహుమానం మాత్రం ఈ రాత్రే. ఆ బహుమానం మరిగినవాడు మళ్లీ మళ్లీ మానేస్తూనే ఉంటాడు.

ఈ జబ్బు నా ఒక్కడిదేనని చాలాకాలం అనుకున్నాను. ఇటాలో స్వేవో అనే ఇటాలియన్ రచయిత 1923లో అచ్చయిన తన నవలలో దీన్ని ఒక అధ్యాయం పొడుగునా నడిపాడని తర్వాత తెలిసింది. అందులో జీనో అనే పెద్దమనిషి కనబడ్డ తేదీనల్లా ఆఖరి సిగరెట్టుకి ముహూర్తంగా పెట్టుకుంటాడు. స్వేవో కథ కూడా అలాంటిదే. 1928లో కారు ప్రమాదంలో దెబ్బ తగిలి మంచాన పడి ఉండి, ఒక్క సిగరెట్టు అడిగాడట. ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇది మాత్రం నిజంగా ఆఖరిదయ్యేది అన్నాడని చెబుతారు.

పొగాకు నాకు కాలేజీలో పరిచయమైంది కాదు. మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మా నాన్న వర్జీనియా పొగాకు రైతు. సెలవుల్లో మేం పిల్లలం కూడా చేలోకి దిగేవాళ్లం. తెల్లారకముందే మంచులో తడిసిన ఆకు కోసి, చంకన పెట్టుకుని గట్టు దాకా మోస్తే, తొమ్మిదయ్యేసరికి తల తిరిగి, కడుపులో దేవి, వాంతి అయ్యేది. పెద్దవాళ్లు మజ్జిగ తాగించి వేపచెట్టు కింద పడుకోబెట్టేవారు. డాక్టర్లు దీన్ని పచ్చి పొగాకు జబ్బు అంటారని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది. తడి ఆకులోని నికోటిన్ చర్మంలోంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. అంటే నికోటిన్ నా ఒంట్లోకి మొదటిసారి నోటి గుండా రాలేదు, చేతుల గుండా వచ్చింది. ఆ చేతులకి పట్టిన నల్లటి బంక సబ్బుకి లొంగేది కాదు. అన్నం ముద్ద చేదుగా తగిలేది.

పొగాకు మొక్క నికోటిన్‌ను వేళ్లలో తయారుచేసి ఆకుల్లోకి పంపుకుంటుంది, పురుగు తినకుండా. మా అమ్మ పెరట్లో చిక్కుడు పాదుకి పేనుబంక పడితే నాన్న పొగాకు కాడలు ఉడకబెట్టి, ఆ కషాయం వడకట్టి చల్లేవాడు. మర్నాటికి పురుగు రాలిపోయేది. ఆయన మాత్రం చుట్ట గాని బీడీ గాని ముట్టలేదు. అమ్మే సరుకు మనం వాడకూడదనేవాడు, నవ్వుతూ.

పొగాకును తిట్టమంటే నాకు నోరు సరిగ్గా రాదు. నా డిగ్రీ ఫీజు ఆకు ఆరబెట్టే బ్యారన్‌లోంచి వచ్చింది. ఆకు కర్రలకి అల్లి, బ్యారన్‌లోకి ఎక్కించి, వారం పాటు రాత్రింబవళ్లు పొయ్యి ఎగదోస్తూ, ధర్మామీటరు చూసుకుంటూ నాన్న నిద్ర లేకుండా కూర్చునేవాడు. 1985లో మన దగ్గర వేలం కేంద్రాలు వచ్చేదాకా కొనేవాడు చెప్పిందే ధర. ఆకు బంగారు రంగు తిరిగితే పెళ్లి, నల్లబడితే అప్పు. అందుకని ఈ ప్రసంగంలో రైతు మీద ఒక్క మాట కూడా ఉండదు.

ఇక సిగరెట్టు. 1977లో కాలేజీ హాస్టలు మేడ మీద మొదలైంది. దగ్గొచ్చింది, తల తిరిగింది, చేలో తిరిగినట్టే. అయినా మర్నాడు మళ్లీ కాల్చాను. అది పొగ కోసం కాదు, చెయ్యి పెట్టే భంగిమ కోసం. మనకి గురజాడవారి గిరీశం ఉన్నాడు కదా, చేతిలో చుట్ట లేకుండా అతన్ని ఊహించుకోండి చూద్దాం. సగం గిరీశం పోతాడు. మా తరానికి తెర మీద హీరోలు ఆ పని చేసిపెట్టారు. తర్వాత ఉద్యోగరీత్యా కొన్నాళ్లు విశాఖలో ఉన్నప్పుడు ఇంకో దృశ్యం చూశాను. చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ల అలవాటు. ఈ అడ్డపొగకీ అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని విశాఖ వైద్యులు 1950లలోనే గుర్తించి వైద్య పత్రికల్లో రాశారు. అవ్వా, నోరు కాలదా అని అడిగాను. చిన్నప్పుడు కాలేది నాయనా, అంది.

పుట్టించిన బాధని తానే తీర్చి మెప్పు పొందడం సిగరెట్టు స్వభావం. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. అక్కడ దాని కోసం కొన్ని గ్రాహకాలు ఉంటాయి. మనం పంక్తి భోజనంలో విస్తళ్లు అనుకుందాం. వడ్డన జరగ్గానే డోపమైన్ ఊరుతుంది, మనసు తేలిక పడుతుంది. వడ్డన రోజూ, గంటగంటకీ జరుగుతుంటే మెదడు ఏం చేస్తుందంటే, విస్తళ్లు పెంచుతుంది. పదిమందికి వేసిన చోట ఇరవై మందికి వేస్తుంది. ఇటు చూస్తే రక్తంలో నికోటిన్ రెండు గంటలకల్లా సగానికి పడిపోతుంది. వడ్డించేవాడు కనబడడు, విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు కేకలు వేస్తుంటారు. ఆ కేకలే చిరాకు, ధ్యాస నిలవకపోవడం, కాలుగాలిన పిల్లిలా తిరగడం. అప్పుడు ఒకటి వెలిగిస్తే కేకలు ఆగుతాయి. "సిగరెట్టు కాలిస్తే గాని బుర్ర పనిచెయ్యదు" అని మనం అనేది ఆ నిశ్శబ్దాన్ని చూసే. తేలు తానే కుట్టి తానే మంత్రం వేస్తే ఎలా ఉంటుందో అలా.

లెక్క కూడా చూడండి. రోజుకి ఇరవై సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు. రెండువందలు. ఏడాదికి డెబ్బై మూడు వేలు. ఏ దేవుడి పేరైనా నేను ఏడాదికి అన్నిసార్లు తలుచుకోలేదు.

ఇదంతా కంపెనీలకి తెలియదా? 1994 ఏప్రిల్‌లో అమెరికాలో ఏడు పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు చట్టసభ కమిటీ ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కాదన్నదే తమ నమ్మకమని వరసగా చెప్పారు. వాళ్లలో ఒక కంపెనీ న్యాయవాది అంతకు ముప్పై ఒక్క ఏళ్ల ముందే, 1963లో, మనం అమ్మేది వ్యసనం కలిగించే నికోటిన్ అని లోపలి కాగితాల్లో రాసుకున్నాడు. ఆ ఏడుగురి వార్త మా డెస్కుకీ వచ్చింది. "వ్యసనం"లో పడ్డ అచ్చుతప్పు దిద్ది, మెట్ల మీదికెళ్లి ఒకటి వెలిగించాను.

ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, చీటీ రాస్తూ తలెత్తకుండా "సిగరెట్ మానెయ్యండి" అన్నారు. ఎలాగండీ అన్నాను. "మనసుంటే మార్గముంటుంది" అన్నారు. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు, ముప్పై ఏళ్లు కాల్చి ఒక్కరోజులో వదిలేశారు. పెళ్లిళ్లలో నన్ను చూస్తే చాలు, ఆ రోజు కథ మొదలుపెడతారు. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. కాని ఏ సాయమూ లేకుండా మానేసేవాళ్లలో ఏడాది దాకా నిలబడేది నూటికి ముగ్గురో అయిదుగురో. మిగతా తొంభై అయిదు మందికి మనసు లేదనుకోవాలా?

అందరికీ తెలిసిన ఒక వింత చెబుతాను. అయ్యప్ప మాల. కార్తీకం వచ్చిందంటే మా ఆఫీసులో చాలామంది నల్లబట్టలు కట్టేవారు. కంపోజింగ్ సెక్షన్‌లో ఒక మిత్రుడు రోజుకి రెండు పెట్టెలు ఊదేసేవాడు. మాల మెడలో పడ్డ నిమిషం నుంచీ సిగరెట్టు వంక చూసేవాడు కాదు. నేనూ 1999లో ఒకసారి, 2003లో ఒకసారి వేసుకున్నాను. నలభై ఒక్క రోజులూ ఒక్కటి ముట్టలేదు. మొదటి మూడు నాలుగు రోజులు కష్టపడ్డాను గాని తర్వాత ధ్యాసే లేదు. నికోటిన్ లేమి బాధ మొదటి రెండు మూడు రోజుల్లో శిఖరానికి చేరి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. ఆ లెక్కన నలభై ఒకటో రోజుకి నేను నికోటిన్ చెర దాటేసినవాణ్ణి. మెదడు అదనపు విస్తళ్లు ఎత్తడం మొదలుపెట్టేసింది. శబరిమల నుంచి తిరిగొచ్చి, గుళ్లో మాల తీసిన గంటలో నేను ఎక్కడున్నాను? ఇంటికి కూడా వెళ్లలేదు. బడ్డీకొట్టు ముందు ఉన్నాను. పక్కన కంపోజింగ్ మిత్రుడు.

చాలా ఏళ్లు దీన్ని నా చేతగానితనం ఖాతాలో రాసుకున్నాను. తర్వాతెప్పుడో, ఆ నలభై ఒక్క రోజులు ఎలా గడిచాయో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే వేరే సంగతి కనబడింది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, కాబట్టి పడకమీంచి లేవగానే వెలిగించే సిగరెట్టుకి చోటు లేదు. కాళ్లకి చెప్పులు లేవు, కాబట్టి ఊరికే బజారు తిరగడం లేదు. భిక్ష అయ్యాక పదిమంది స్వాములతో కలిసి పీఠం దగ్గరే ఉంటాం. సాయంత్రం టీకొట్టు వేళకి భజన. అన్నిటికంటే పెద్ద సంగతి, ఎవరూ నా వైపు పెట్టె చాపలేదు. చాపితే పాపం వాళ్లకి చుట్టుకుంటుంది. ఎదురుపడ్డ ప్రతివాడూ "స్వామీ" అనేవాడు. సిగరెట్టు కాల్చే మనిషి నలభై ఒక్క రోజులు ఊళ్లో లేడు. నా మనోబలం పెరగలేదు, దానికి పని తగ్గింది. ఇక మాల తీసినప్పుడు మనిషీ తిరిగొచ్చాడు, చెప్పులూ టీకొట్టూ తిరిగొచ్చాయి. పైగా నలభై ఒకటి అన్న అంకె మొదటి రోజు నుంచే మనసులో ఉంది. నేను ఒక్కరోజు కూడా మానలేదు, వాయిదా వేశాను.

2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం అమలుకి వచ్చింది. మా ఆఫీసులో యాష్‌ట్రేలు తీసేశారు. ఇదివరకు ప్రూఫు దిద్దుతూ కాల్చేవాణ్ణి, ఇప్పుడు మూడంతస్తులు దిగి, గేటు దాటి రోడ్డు మీదికి పోవాలి. మోకాళ్లు నొప్పెట్టేవి. కాని ఆ మెట్లు దిగడంలో మొదటిసారి నా సిగరెట్లు నాకు విడివిడిగా కనబడ్డాయి. అంతదాకా అవి ఊపిరిలా వాటంతట అవి సాగిపోయేవి.

మా వృత్తిలో ఒక సూత్రం ఉంది. అర్థం కోసం చదివితే తప్పులు దొరకవు. కన్ను తాను అనుకున్న మాటనే చూసి దాటిపోతుంది. అక్షరం అక్షరం పట్టుకుని చూడాలి. సరే, నా రోజుని అలా చదువుదామని న్యూస్‌ప్రింట్ ముక్కల మీద వారం పాటు రాశాను. టైము, చోటు, ఎందుకు. ఒక రోజుది ఇంకా నా దగ్గరుంది. "10.15 లేవగానే. 10.40 దొడ్డికి వెళ్లే ముందు. 11.30 టిఫినయ్యాక. 12.05 కరెంటు పోయింది. 12.20 కరెంటు వచ్చింది." చూశారా, పోయినందుకొకటి, వచ్చినందుకొకటి. ఆ రోజు మొత్తం ఇరవై రెండు. నిజంగా నాలుక పీకి కాల్చినవి ఏడు. మిగతావి చోట్లకి అతుక్కున్నవి. టీ గ్లాసుకి, ఫోను మోతకి, ఆఖరి పేజీ వదిలాక వచ్చే నిట్టూర్పుకి.

రోజూ కాస్త తగ్గించుకుందామన్న ఎత్తు అంతకుముందే వేసి చూశాను. రోజుకి పదికి దించితే ఆ పదింటినీ గట్టిగా, లోతుగా లాగాను. లైట్ అని అమ్మేవాటి సంగతీ అంతే. మెదడు తన వాటా తాను రాబట్టుకుంటుంది.

ఈసారి ముహూర్తం పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. నవంబరులో ఒక మంగళవారం. చోట్లు మార్చాను. టీకి అవతలి వీధి కొట్టు. తిన్నాక కుర్చీలో కూర్చోకుండా నా కంచం నేనే కడుక్కోవడం. మా ఆవిడ వింతగా చూసింది, ఏమీ అడగలేదు. ఆఫీసు బల్ల మీద బత్తాయిలు. సిగరెట్టు మీదికి ప్రాణం లాగే తెర ఒక్కోటి మూడు నుంచి అయిదు నిమిషాలకి మించి నిలవదు. బత్తాయి ఒలిచి, తొనల మీది తెల్లటి పీచు కూడా తీస్తూ కూర్చుంటే అంత సేపూ పడుతుంది. రెండు చేతులకీ పని. డెస్కంతా బత్తాయి వాసన. సబ్ ఎడిటర్లు వచ్చి తలో తొన పట్టుకుపోయేవారు. నా జీవితంలో అన్ని బత్తాయిలు ఎప్పుడూ తినలేదు.

నికోటిన్ గమ్ కూడా వాడాను. దీనికో చిన్న కథ ఉంది. 1960లలో స్వీడన్ జలాంతర్గాముల్లో పొగ తాగడానికి వీల్లేక నావికులు నమిలే పొగాకు పట్టడం చూసి, అలాగైతే నికోటిన్‌ని పొగ లేకుండా ఇవ్వొచ్చు కదా అని అక్కడివాళ్లు పట్టుకున్న ఉపాయం అది. పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువులు లేకుండా విస్తళ్లకి పలచగా వడ్డన. నేను మొదటిరోజు దాన్ని బబుల్‌గమ్‌లా కసకస నమిలి గుటకలు వేశాను. అరగంట వెక్కిళ్లు. ప్రూఫ్ చదవలేకపోయాను. అట్ట మీద రాసిందంతా తర్వాత చదివాను, ప్రూఫ్ రీడర్‌ని అయ్యుండి. నాలుగైదుసార్లు నెమ్మదిగా నమలాలి. నాలుక చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగు నములుళ్లు. కాఫీ, నిమ్మరసం, కూల్‌డ్రింకు తాగిన పావుగంట దాకా వేసుకుంటే పని చెయ్యదు. ఎంత మోతాదు కావాలో తేల్చడానికి డాక్టర్లు ముందు అడిగే ప్రశ్న, లేచాక మొదటి సిగరెట్టు ఎంతసేపటికి అని. అరగంటలోపు అయితే వ్యసనం గట్టిదన్నమాట. నాది అయిదు నిమిషాలు. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టరుని అడక్కుండా వీటి జోలికి పోకూడదు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలున్నాయి, అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి.

ఎవరూ ముందుగా చెప్పని సంగతులు రెండు మూడు ఉన్నాయి. మానేసిన మొదటివారం మలబద్ధకం. మగవాళ్లు దీన్ని పైకి చెప్పుకోరు గాని, కొందరు మళ్లీ మొదలెట్టేది దీనికోసమే. ఇసబ్‌గోల్, జామపండు, నీళ్లు. నోట్లో చిన్న పుళ్లు వస్తాయి, పోతాయి. కొందరికి దగ్గు ఎక్కువవుతుంది. చూశారా, మానేస్తే దగ్గొచ్చింది అంటారు. పొగకి మొద్దుబారిన ఊపిరితిత్తుల నూగు మళ్లీ కదిలి కఫాన్ని బయటికి తోస్తోందన్నమాట. టీ కాఫీల సంగతి మరీ తమాషా. పొగలోని పదార్థాలు కాలేయం చేత కెఫీన్‌ని తొందరగా కరిగించేస్తాయి. పొగ మానగానే ఆ తొందర పోతుంది. అదే నాలుగు కప్పులు తాగితే ఒంట్లో కెఫీన్ ముందుకంటే ఎక్కువసేపు నిలబడి, గుండె దడ, నిద్ర పట్టకపోవడం. మనం దాన్ని సిగరెట్టు లేని బాధ అనుకుంటాం. నేను టీ సగానికి తగ్గించిన మూడో రోజున చక్కగా నిద్రపోయాను. ఒళ్లు నాలుగు కిలోలు పెరిగింది. పెరగనీ అనుకున్నాను.

పందొమ్మిదో రోజున మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెడుతూ, "ఈమధ్య అగ్గిపెట్టె ఎక్కడికీ పోవట్లేదు" అంది. ఇరవై ఏళ్లుగా ఆ అగ్గిపెట్టె కోసం మా ఇంట్లో రోజూ గొడవే. నేను విననట్టు పేపరు తిరగేశాను.

ఏడు నెలలు. 2009 జూన్‌లో మా నాన్న పోయాడు. శ్మశానంలో చితి అంటుకున్నాక మగవాళ్లమందరం వేపచెట్టు కింద నిలబడ్డాం. ఎవరో పెట్టె తీశారు, చుట్టూ తిప్పారు. నా ముందుకి వచ్చింది. వద్దంటే బావుండదనిపించింది. ఆ పూట దుఃఖం కూడా నాకు బాగా పనికొచ్చిన సాకు. పొగాకు పండించి ఒక్కనాడూ ముట్టని మనిషి ఎదురుగా కాలిపోతుంటే నేను ఒకటి వెలిగించాను. ఒక్కటే కదా అనుకున్నాను. పదకొండో రోజుకి జేబులో పెట్టె ఉంది. విస్తళ్లు ఎత్తేసినా ఆ వాకిలి ఎక్కడుందో మెదడుకి గుర్తే.

ఇదివరకైతే పోయిందిలే అని ఇంకో ఉగాది దాకా కాల్చేవాణ్ణి. ఈసారి ఆ ఏడు నెలలు నా కళ్ల ముందు ఉన్నాయి. రెండువందల చిల్లర రోజుల ప్రూఫులో ఒక చోట తప్పు పడింది, దానికి కట్టంతా చించెయ్యాలా? కర్మలయ్యాక పాత కాగితాలు తీసి, కొత్త వాక్యం చేర్చాను: "చావుల దగ్గర, పెళ్లిళ్ల దగ్గర, మగవాళ్ల గుంపులో." అలాంటి చోట నిలబడాల్సి వస్తే చేతిలో నీళ్లసీసా పట్టుకోవడం నేర్చుకున్నాను. మళ్లీ ఒక మామూలు రోజు, ఎవరికీ చెప్పకుండా. ఆషాఢం, అందరూ శుభకార్యాలు మానుకునే నెల.

అప్పటికి నాకు యాభై ఒకటి. ఇంత ఆలస్యంగా మానేసి ప్రయోజనమేంటి అన్నవాళ్లున్నారు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆయన సహచరులు 1951 నుంచి వేల మంది డాక్టర్ల పొగ అలవాట్లు రాసుకుంటూ, యాభై ఏళ్ల తర్వాత 2004లో లెక్క తేల్చారు. జీవితాంతం కాల్చేవాళ్లు సగటున పదేళ్ల ముందే పోతున్నారు. ముప్పైలో మానేస్తే ఆ పదీ దాదాపు తిరిగొస్తాయి. నలభైలో తొమ్మిది, యాభైలో ఆరు, అరవైలో మూడు. ఆరేళ్లంటే మా మనవరాలు అక్షరాలు దిద్దే వయసు. దిద్దించాను కూడా.

బీడీ తాగేవాళ్లు మాది ఆకు, కాగితం కాదు అంటారు. తునికాకు సరిగ్గా కాలదు, ఆరిపోకుండా గబగబా లాగాలి, అందుకని దమ్ములు ఎక్కువ, నికోటిన్ తక్కువేం కాదు. ఖైనీ, గుట్కా వాళ్లది పొగ లేని సంకెల, అంతే తేడా. మన దేశంలో 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో పొగతాగేవాళ్లలో సగానికి పైగా, 55 శాతం దాకా, మానేద్దామనుకుంటున్నామని చెప్పారు. అంటే బడ్డీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరిలో ఒకడు లోపల మానేస్తూనే ఉన్నాడు. వాళ్లకి నా రోజుల్లో లేని సాయం ఒకటి ఇప్పుడుంది. జాతీయ క్విట్‌లైన్, 1800-11-2356. పెట్టె మీద కూడా అచ్చు వేస్తున్నారు. పైసా ఖర్చు లేదు. మళ్లీ చెబుతాను, కాగితం తెచ్చుకోండి: ఒకటి, ఎనిమిది, సున్నా, సున్నా, ఒకటి, ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు. ఇళ్లలో ఆడవాళ్లకి ఒక చిన్న మనవి. అగ్గిపెట్టె చోటు మారకపోతే గమనించండి, అప్పుడే పొగడకండి. పొగిడితే మాకు వేడుక చేసుకోవాలనిపిస్తుంది, వేడుకకి మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే.

ఇప్పటికీ ఏడాదికోసారి కల వస్తుంది. కలలో డాబా మీద కుర్చీ, నేను, సిగరెట్టు. తప్పు చేశానన్న బెంగతో లేచి చొక్కా జేబు తడుముకుంటాను. రిటైరయ్యాక పాత వీధి టీకొట్టుకే మళ్లీ వెళ్తున్నాను. పక్కన కిళ్ళీకొట్టు, గుంజకి కట్టిన కొబ్బరితాడు, దాని కొసన రవ్వంత నిప్పు, రోజంతా అలా పొగుస్తూనే ఉంటుంది. కొట్టాయన నా కంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను చూడగానే ఆయన చెయ్యి వెనకటి లెక్కన అరలోని పెట్టె మీదికి వెళ్తుంది. సగంలో ఆగుతుంది. అక్కడి నుంచి పక్కకి జరిగి, సోంపు డబ్బా మూత తీస్తుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. నేను టీ తాగి, డబ్బులిచ్చి, ఆ తాడు పక్కనుంచి తల వంచుకుని బయటికొస్తాను.